వారం వారం అదే బ్యాండు, అవే పాటలు: ఇంకా వెళ్లాలా?

ఇంటికి దగ్గర్లో ఉన్న చిన్న క్లబ్బులో వారానికో రాత్రి లైవ్ జాజ్ పెడుతున్నారు, మూడు వారాలు వరసగా వెళ్లానన్నారు. పాట మొదట్లో బాగుంటుంది, చివర్లో బాగుంటుంది, మధ్యలో పది నిమిషాలు ఎవరు ఏం వాయిస్తున్నారో అంతుపట్టడం లేదు. చప్పట్లు పక్కవాళ్లని చూసి కొడుతున్నారు. ఇంటికొచ్చాక చెవుల్లో గుయ్‌మంటోంది. తోడొచ్చిన స్నేహితుడు మధ్యలో కబుర్లు మొదలుపెడతాడు. పైగా మూడో వారానికి అదే బ్యాండు, సగానికి సగం అవే పాటలు. ఇంకా వెళ్లాలా, మానేయాలా అని మీ ప్రశ్న.

వెళ్లండి. ఇంకో పది వారాలు వెళ్లి, అప్పుడు మానేస్తానంటే నేను అడ్డు చెప్పను. అదే బ్యాండు, అవే పాటలు అని విసుక్కున్నారు చూశారూ, నేను పద్దెనిమిదేళ్లుగా వారం వారం వెళ్తున్నది దాని కోసమే.

ముందే చెప్పేస్తాను, నేను వాయించేవాణ్ణి కాను, వినేవాణ్ణి. మధ్యలో నాలుగేళ్లు ఇలాంటి క్లబ్బులోనే సౌండ్ మిక్సర్ ముందు కూర్చున్నాను. అది కూడా, ఉన్న మనిషి మానేస్తే ఎవరో ఒకరు కావాల్సి వచ్చి. కాబట్టి సంగీత శాస్త్రం చెప్పను, చెవికి ఏది పనికొచ్చిందో అది చెప్తాను.

మొదట్లో నాదీ మీ పరిస్థితే. దారి చూపించింది పక్క టేబుల్ పెద్దాయన. ఆయన ముందు ఎప్పుడూ ఓ పదీ పన్నెండు నాణేలు వరసగా పేర్చి ఉండేవి. శాక్సోఫోన్ సోలో మొదలయ్యాక కాసేపు కదిలేవాడు కాదు. ఉన్నట్టుండి చూపుడువేలితో ఒక నాణెం ఎడమ నుంచి కుడికి జరిపేవాడు. ఇంకాసేపటికి ఇంకోటి. ఏదో బాకీ లెక్కలు చూసుకుంటున్నాడేమో అనుకున్నాను. మూడు వారాలు చూసి ఇక ఉండబట్టలేక అడిగేశాను.

"ఏంటండీ అవి?"

"పాట మళ్లీ మొదటికొచ్చింది బాబూ."

"పాట ఎప్పుడో అయిపోయింది కదండీ, ఇప్పుడు సోలో కదా?"

ఆయన మాట్లాడకుండా నా మణికట్టు మీద వేలితో తాళం తట్టడం మొదలుపెట్టాడు. మెల్లగా తడుతూ తడుతూ ఒకచోట గట్టిగా తట్టాడు. సరిగ్గా అక్కడే డ్రమ్మర్ పెద్ద సింబల్ మీద ఒక దెబ్బ వేశాడు, పియానో కూడా కొత్త వాక్యం ఎత్తుకున్నట్టు మారింది. నాణెం జరిగింది. ఒళ్లు ఝల్లుమంది. అంతకుముందు విన్న రాత్రులన్నీ ఏం విన్నానా అనిపించింది.

సంగతేమిటంటే, మధ్యలో పాట ఎక్కడికీ పోదు. మొదట అందరూ కలిసి వాయించే బాణీని హెడ్ అంటారు. హెడ్ అయ్యాక బాణీ వాయించడం ఆపేస్తారు గానీ, దాని కింద నడిచే కార్డ్స్ (కొన్ని స్వరాలు ఒకేసారి కలిపి మోగించేవి) వరస అలాగే చుట్టూ తిరుగుతూ ఉంటుంది. సోలో వాయించేవాడు ఆ వరస మీద నిలబడే అప్పటికప్పుడు కొత్త బాణీ కల్పిస్తాడు. ఒక చుట్టును కోరస్ అంటారు. మన ఆవర్తం లాంటిదే, కాకపోతే బాగా పొడవు. ఆదితాళం ఎనిమిది అక్షరాలకు చుట్టు పూర్తి చేసుకుంటుంది. జాజ్‌లో ఎక్కువగా వినబడే 32 బార్ల పాట, బారుకి నాలుగు బీట్ల చొప్పున, 128 బీట్లకు గానీ మొదటికి రాదు. నిమిషానికి 120 బీట్ల నడకైతే అది 64 సెకన్లు. అంతసేపు దారి తెలియకుండా కూర్చుంటే ఎవరికైనా విసుగే.

128 లెక్కపెట్టమని చెప్పడం లేదు. నేను ప్రయత్నించాను, నలభై దగ్గర తప్పిపోయాను. దానికంటే తేలికైన దారి ఉంది. అలాంటి పాటల్లో చాలావాటికి ఎనిమిదేసి బార్ల నాలుగు ముక్కలుంటాయి. మొదటిది ఒక బాణీ, రెండోది మళ్లీ అదే, మూడోది వేరేది, నాలుగోది తిరిగి మొదటిదే. ఆ మూడో ముక్కను బ్రిడ్జి అంటారు. అది వచ్చినప్పుడు చెవికి గాలి మారినట్టు తెలిసిపోతుంది, గది కిటికీ తెరిచినట్టు. సోలోలో ఎంత తప్పిపోయినా ఆ మార్పు ఒక్కటి పట్టుకుంటే చాలు, ఎనిమిది బార్లకు మొదటి బాణీ ముక్క, ఇంకో ఎనిమిదికి పాట మొదలు వస్తాయని తెలుస్తుంది. అది కూడా కష్టమనిపిస్తే బ్లూస్ అనే పొట్టి చుట్టు పాట వచ్చేదాకా ఆగండి. బ్లూస్‌కి మామూలుగా 12 బార్లే, అంటే 48 బీట్లు. అదే నడకలో 24 సెకన్లకు తిరిగొచ్చేస్తుంది. నాలుగైదు చుట్లు తిరిగేసరికి అలవాటైపోతుంది.

హెడ్ వాయిస్తున్నప్పుడు పెదవి కదపకుండా బాణీని లోపల పాడుకోండి. సోలో మొదలయ్యాక ఆపకండి, పాడుకుంటూనే ఉండండి. మొదట రెండూ కొట్టుకుంటాయి. కొన్నాళ్లకు, సోలో వాయించేవాడు మీరు లోపల పాడుకుంటున్నదాన్ని ఎక్కడ ఆనుకున్నాడో, ఎక్కడ కావాలని తప్పించుకున్నాడో వినబడుతుంది. కాలో వేలో ఆడించేవాళ్లయితే బారులో 1, 3 బీట్ల మీద కాకుండా 2, 4 మీద ఆడించండి. డ్రమ్మర్ ఎడమ కాలి కింద హై-హ్యాట్ అనే జంట తాళాలుంటాయి. స్వింగ్ నడకలో అవి ఎక్కువగా ఆ రెండు చోట్లే "చిక్" మంటాయి. దాంతో జత కలపండి.

దేన్ని వినాలో తెలియనప్పుడు బేస్ వినండి. నిలబెట్టి వాయించే ఆ పెద్ద వాయిద్యం నుంచి మామూలు నడకలో బీటుకొక స్వరం చొప్పున వస్తుంటుంది, మనిషి అడుగులేసినట్టు. అందుకే దాన్ని వాకింగ్ బేస్ అంటారు. పాట ఇప్పుడు ఎక్కడుందో నిజంగా చెప్పేది అదే. నా మాట విని ఒక వారం రాత్రంతా బేస్ ఒక్కటే వినండి, మిగతావి వాటంతటవే చెవిన పడతాయి. ఇంకో వారం డ్రమ్మర్ కుడిచేతినే చూడండి. మూడో వారం సోలో వాయించని మనుషుల్ని గమనించండి. నాకు అన్నిటికంటే రుచించేది ఈ మూడోదే. శాక్సోఫోన్ మనిషి కళ్లు మూసుకుని చెలరేగిపోతుంటే గది చూపంతా ఆయన మీదే ఉంటుంది. పక్కన పియానో మనిషి ఏం చేస్తున్నాడు? రెండు కార్డ్స్ వేస్తాడు, ఆగుతాడు, తల కొద్దిగా పక్కకు వంచి వింటాడు, ఆయన ఊపిరి తీసుకునే సందులో ఇంకోటి వేస్తాడు. కొన్నిసార్లు చేతులు రెండూ ఎత్తి ఒళ్లో పెట్టేసుకుంటాడు. అప్పుడు కింద బేసూ డ్రమ్సూ మాత్రమే మిగిలి, సోలో వాయించేవాడికి విశాలమైన మైదానంలో వదిలేసినట్టు ఉంటుంది. పియానో మనిషి ఏమీ వాయించకుండా చేసిన పని అది. రికార్డులో వింటే పియానో ఆగిందని కూడా చాలామందికి తట్టదు, కళ్లెదుట చూస్తే అర్థమవుతుంది.

ఇక అవే పాటల సంగతి.

మేం వెళ్లే క్లబ్బులో బ్యాండు దాదాపు ప్రతివారం రెండో సెట్‌లో, అంటే విరామం తర్వాతి విడతలో, ఒక నెమ్మది పాట వాయించేది. అలాంటి పాటలకు డ్రమ్మర్ కర్రలు పక్కనపెట్టి సన్నటి తీగల బ్రష్‌లతో డ్రమ్ తోలు మీద రాస్తాడు, చీపురుతో నేల ఊడ్చినట్టు సుయ్... సుయ్... అని. ఒక రాత్రి ఆయన బ్రష్‌లు మర్చిపోయి వచ్చాడు. సంచీ అంతా వెతికాడు, లేవు. ఆ పాట మానేస్తారనుకున్నాం. ఆయన చొక్కా చేతులు మడిచి అరచేతులతో, వేళ్ల కొసలతో మొదలుపెట్టాడు. చప్పుడు సగానికి పడిపోయింది. దాంతో బేస్ మనిషి తగ్గించాడు, పియానో మరీ తగ్గించాడు, ట్రంపెట్ మనిషి మైకు నుంచి అడుగు వెనక్కి వేశాడు. నేను మిక్సర్ మీద చెయ్యి పెట్టి, పెంచాలా వద్దా అని టెన్షన్ పడి, వదిలేశాను. గదిలో కుర్చీ కిర్రుమంటే వినబడింది. ఆ పాటను అంతకుముందు ముప్పై సార్లయినా విన్నాను. ఆ ముప్పై సార్లు విన్నాను కాబట్టే ఆ రాత్రి ఏం మారిందో తెలిసింది. పక్కనే మొదటిసారి వచ్చిన జంట ఉంది. వాళ్లకి అది ఒక మంచి నెమ్మది పాట, అంతే.

ఇంట్లోనే దీన్ని పరీక్షించుకోవాలంటే ఒక పని చేయండి. 1961 జూన్ 25, ఆదివారం నాడు న్యూయార్క్‌లోని విలేజ్ వాన్‌గార్డ్ అనే నేలమాళిగ క్లబ్బులో బిల్ ఎవాన్స్ ట్రయో మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా ఐదు సెట్లు వాయించింది. పియానో బిల్ ఎవాన్స్, బేస్ స్కాట్ లఫారో, డ్రమ్స్ పాల్ మోషియన్. ఆ రోజుదంతా రికార్డు చేశారు, పూర్తిగా దొరుకుతుంది. కోల్ పోర్టర్ రాసిన "ఆల్ ఆఫ్ యూ" అనే పాటను ఒక్కరోజులో మూడుసార్లు వాయించారు. మూడూ వరసగా వినండి. పాట అదే, మనుషులు అదే, గది అదే, మధ్యలో కొన్ని గంటల తేడా. బేస్ మూడుసార్లూ ఒకే దారిన పోదు. అక్కడ లఫారో బీటుకొక స్వరం నడకను చాలాచోట్ల వదిలేసి పియానోతో నేరుగా మాట్లాడతాడు, కాబట్టి నేను పైన చెప్పిన బేస్ సూత్రం అక్కడ సరిగ్గా పనిచేయదు. మీ క్లబ్బులో నెల రోజులు విన్నాక వినడం మేలు. గ్లాసుల చప్పుడు, జనం మాటలు కూడా వినబడతాయి. ఒక పాట మధ్యలో కరెంటు పోయి రికార్డింగు కాసేపు తెగిపోయింది కూడా. పదకొండు రోజుల తర్వాత, జూలై 6న, లఫారో కారు ప్రమాదంలో పోయాడు. వయసు 25. ఆ మధ్యాహ్నం అక్కడ గ్లాసులు చప్పుడు చేస్తున్నవాళ్లకి ఏం వింటున్నారో తెలుసా అని నాకు ప్రతిసారీ అనిపిస్తుంది.

వారానికో రాత్రి అనే పద్ధతి క్లబ్బు యజమానుల సౌకర్యం కోసం పుట్టిన ఏర్పాటే అయినా, ఈ సంగీతం చాలావరకు అక్కడే పెరిగింది. న్యూయార్క్‌లోని హార్లెమ్‌లో 1938లో మొదలైన మింటన్స్ ప్లేహౌస్ అనే క్లబ్బు, సోమవారం రాత్రుల జామ్ సెషన్లకు, అంటే వచ్చినవాళ్లంతా ముందు అనుకోకుండా కలిసి వాయించే రాత్రులకు, పేరు. 1940ల మొదట్లో అక్కడి సొంత బ్యాండులో పియానో థెలోనియస్ మంక్, డ్రమ్స్ కెన్నీ క్లార్క్. తర్వాత బీబాప్ అని పేరుపడిన జాజ్ శైలి రూపుదిద్దుకున్న చోట్లలో అదొకటి. విలేజ్ వాన్‌గార్డ్‌లోనే 1966 ఫిబ్రవరిలో థాడ్ జోన్స్, మెల్ లూయిస్ ఒక పెద్ద బ్యాండును సోమవారాలకు మొదలుపెట్టారు. నడిపేవాళ్లు పోయారు, బ్యాండు పేరు మారింది, సోమవారం మాత్రం అలాగే ఉంది. మామూలుగా పని ఉండని రాత్రి కాబట్టి వాయించేవాళ్లు తమ ఇష్టం కొద్దీ వచ్చేవారు. మీ క్లబ్బు పెద్దదా చిన్నదా అన్నది పక్కన పెట్టండి. వారం మధ్యలో ఓ రాత్రి, పెద్దగా జనం లేనప్పుడు, బ్యాండు కొత్తగా ఏదైనా చేసి చూసే ధైర్యం చేస్తుంది. నిండిన హాలులో అది తక్కువ.

చప్పట్ల గురించి ఇంత బెంగ అక్కర్లేదు. సోలో అయ్యాక కొడతారు, పాట అయ్యాక కొడతారు. సోలో అయిందని ఎలా తెలుస్తుందంటే, వాయించినవాడు సాధారణంగా మైకు ముందు నుంచి తప్పుకుంటాడు, మీ చెవిలో చుట్టు కూడా అక్కడే పూర్తవుతుంది. నచ్చకపోతే కొట్టకండి, ఎవరూ లెక్కపెట్టరు. నెమ్మది పాటల్లో నేను చివరిదాకా ఆగుతాను, అది నా అలవాటు. ఒక్కచోట మాత్రం కాస్త జాగ్రత్త పడండి. బేస్ సోలో మొదలైతే మిగతావాళ్లు బాగా తగ్గించేస్తారు, కొన్నిసార్లు పూర్తిగా ఆపేస్తారు. అది చూసి పాట అయిపోయిందనుకుని గదిలో అందరికీ ఒక్కసారిగా కబుర్లు గుర్తొస్తాయి. మీరు మాత్రం మాట్లాడకండి.

బ్యాండు సైగలు తెలిస్తే సరదాగా ఉంటుంది. ఒకరు తమ నడినెత్తి మీద తట్టుకుంటే, సోలోలు చాలు, హెడ్‌కు వెళ్దాం అని. నాలుగు వేళ్లు చూపిస్తే ట్రేడింగ్ ఫోర్స్. అంటే ఒకరు నాలుగు బార్లు వాయిస్తారు, డ్రమ్మర్ నాలుగు బార్లు జవాబిస్తాడు, మళ్లీ ఇంకొకరు, మళ్లీ డ్రమ్మర్. మృదంగం, ఘటం వంతులేసుకున్నట్టే. డ్రమ్మర్ ఒక్కడే వాయిస్తున్న ఆ నాలుగు బార్లలోనూ పాట చుట్టు ఆగదు, మీరు లోపల పాడుకుంటూనే ఉంటే అందరూ మళ్లీ కలిసే చోట మీరూ వాళ్లతోపాటే దిగుతారు. నాకిప్పటికీ అప్పుడప్పుడు తప్పుతుంది. బ్యాండుకి కూడా తప్పుతుంది, అప్పుడు వాళ్ల ముఖాల్లో నవ్వు చూడాలి.

చెవుల మాట మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. ఇంటికెళ్లాక గుయ్‌మంటోందంటే చెవికి శబ్దం ఎక్కువైందని. అమెరికాలో ఉద్యోగుల ఆరోగ్యం చూసే నియోష్ సంస్థ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్ శబ్దంలో 8 గంటల దాకా ఉండొచ్చు, ఆ పైన ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగమవుతుంది. 94 దగ్గర ఒక గంట, 100 దగ్గర 15 నిమిషాలు. చిన్న గదిలో సింబల్స్‌కి, ట్రంపెట్ మూతికి ఎదురుగా కూర్చుంటే ఆ పైఅంకెల దాకా పోవడం పెద్ద పనేం కాదు. మీరు ఎక్కడ కూర్చుంటున్నారో రాయలేదు గానీ, ముందు వరసలో డ్రమ్స్ వైపేనని నా అనుమానం. బేస్, పియానో మధ్యకు ఎదురుగా, స్టేజీ నుంచి నాలుగైదు మీటర్ల దూరంలో చూసుకోండి. మరీ వెనక మూలకు పోతే బేస్ అంతా మూలల్లో పోగై బొయ్‌మంటుంది, స్వరం విడిగా తెలియదు. గోడకు ఆనుకున్నా కొంచెం అదే. ఇయర్‌ప్లగ్స్ పెట్టుకోవడం నామోషీ కాదు, వాయించేవాళ్లే పెట్టుకుంటారు. స్పాంజివి పెడితే పైస్థాయి స్వరాలు ఎక్కువగా మూసుకుపోయి దుప్పటి కప్పుకుని విన్నట్టు ఉంటుంది. సంగీతం కోసం చేసినవి అన్ని స్థాయిలనూ ఇంచుమించు సమానంగా తగ్గిస్తాయి, అవే కొనండి.

విరామంలో వెళ్లి ఒక్క ప్రశ్న అడగండి: "మూడోది ఏం పాటండీ?" ఇంతకంటే తెలివైన ప్రశ్న అక్కర్లేదు. పేరు చెప్తారు, చాలామంది ఇంకో నాలుగు ముక్కలు కూడా చెప్తారు. పేరు రాసుకుని ఆ వారంలో దాన్నే ఇద్దరు ముగ్గురు పాతవాళ్ల రికార్డుల్లో వినండి, పాడిన రికార్డు ఉంటే ముందు అది వినండి, మాటలతో బాణీ తొందరగా పట్టుబడుతుంది. వచ్చే వారం వాళ్లు ఆ పాట ఎత్తుకున్నప్పుడు మీ పరిస్థితి వేరుగా ఉంటుంది. నా దగ్గర చిన్న పుస్తకం ఉంది. తేదీ, పాట, ఒక్క వాక్యం. "బ్రిడ్జిలో పియానో ఆగాడు." "ఈసారి మరీ వేగం, బాగాలేదు." అంతకుమించి రాస్తే వినడం మానేసి రాస్తూ కూర్చుంటాం. ఫోన్లో రికార్డు చేయడం కూడా అలాంటిదే, దానికి ముందు బ్యాండును అడగాలి కూడా.

ప్రతి బ్యాండూ పది వారాలకు తగింది కాదని కూడా ఒప్పుకోవాలి. ప్రతి పాటలో శాక్స్, ట్రంపెట్, పియానో, బేస్ అని అదే వరసలో అందరూ సోలో వాయించి, అందరూ మూడేసి చుట్లకే ఆపేస్తుంటే, ఒకరు వాయిస్తున్నప్పుడు మిగతావాళ్లు ఫోన్లు చూసుకుంటుంటే, నేనైతే నాలుగో వారానికే ఇంకో చోటు వెతుక్కుంటాను. వాళ్లు ఒకళ్లనొకళ్లు వింటున్నారా లేదా అన్నదే నా కొలత. ఒకడు సోలోలో చిన్న తునక వాయిస్తే పక్కనున్న ఇంకొకడు దాన్నే అందుకుని తిప్పి వేశాడంటే, ఆ బ్యాండును వదలకండి, వాయింపులో లోపాలున్నా సరే.

మీ స్నేహితుణ్ణి మొదటి సెట్‌కు తీసుకెళ్లకండి. ఆఖరి సెట్‌కు రమ్మనండి. అప్పటికి బ్యాండు వేడెక్కి ఉంటుంది, జామ్ సెషన్ ఉండే చోటైతే బయటివాళ్లు కూడా ఎక్కి వాయిస్తారు. ఎవరు తేలతారో ఎవరు మునుగుతారో అన్న ఆసక్తి కొద్దీ కబుర్లు తగ్గుతాయి. మొదటి సెట్ మీరు ఒక్కరే వినండి. జేబులో చిల్లర మాత్రం ఎక్కువే ఉంచుకోండి. బ్లూస్ ఎత్తుకుంటే 24 సెకన్లకొకటి చొప్పున ఎనిమిది నిమిషాలకు ఇరవై నాణేలు జరపాల్సి వస్తుంది.